సామాజిక రంగంలో కెరీర్: ఏ దారిలో పదేళ్లు నిలబడగలరు?

సమాజానికి పనికొచ్చే ఉద్యోగం చేయాలనుకునేవాళ్లు సాధారణంగా మొదట వేసుకునే ప్రశ్న "ఏ సమస్య మీద పనిచేయాలి?" అని. చదువా, ఆరోగ్యమా, పర్యావరణమా, ఆడవాళ్ల హక్కులా? మంచి ప్రశ్నే. కానీ ఎంతో ఉత్సాహంగా ఈ రంగంలోకి వచ్చి మూడు నాలుగేళ్లకే వెళ్లిపోయినవాళ్లతో ఒకసారి మాట్లాడి చూడండి. ఆ సమస్య మీద ఆసక్తి పోయి వెళ్లినవాళ్లు చాలా తక్కువ. జీతం చాలక వెళ్లినవాళ్లుంటారు, ఒంట్లో ఓపిక అయిపోయి వెళ్లినవాళ్లుంటారు. అందరికంటే బాధపడుతూ చెప్పేది మాత్రం ఇంకో రకం వాళ్లు. ఫీల్డ్‌లో వాళ్లు కళ్లారా చూసింది ఒకటి, ఆఫీసుకొచ్చి రిపోర్టులో రాయాల్సి వచ్చింది మరొకటి.

అందుకే ఈ పోలికలో సమస్య ఏదన్న దానికంటే సంస్థ ఎలాంటిదన్న దానికే ఎక్కువ బరువు ఇస్తున్నాను. పిల్లల పోషకాహారం మీద పనిచేయాలనుకుంటే ప్రభుత్వ శాఖలో చేయొచ్చు, ఎన్జీవోలో చేయొచ్చు, కంపెనీలో చేయొచ్చు, యూనివర్సిటీలో చేయొచ్చు. సమస్య అదే అయినా మీ రోజు గడిచే తీరు, మీ జీతం, ఉన్న విషయం పైకి చెప్పగలిగే హద్దు చోటును బట్టి పూర్తిగా మారిపోతాయి.

## ముందు దేన్ని బట్టి పోల్చాలి

జీతం డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన ఒక ఉత్తర్వుతో ఆ దేశం ఇచ్చే విదేశీ సాయానికి బ్రేకు పడింది. 1961 నుంచి విదేశాలకు సాయం పంచిన అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్, అదే ఏడాది జూలై 1 కల్లా మిగిలిన పనిని విదేశాంగ శాఖకు అప్పజెప్పి తన సాయం పనులు ఆపేసింది. ఆ డబ్బు మీద ఆధారపడ్డ క్లినిక్కులు, సర్వేలు, శిక్షణలు ఎన్నో దేశాల్లో వారాల వ్యవధిలో నిలిచిపోయాయి. బాగా పనిచేసినవాళ్ల ఉద్యోగాలూ పోయాయి, చేయనివాళ్లవీ పోయాయి. కాబట్టి ఏ సంస్థలో చేరబోతున్నా ముందు తెలుసుకోవాల్సింది, దాని బడ్జెట్‌లో అతి పెద్ద దాత వాటా ఎంత, ఆ దాత చేయి వెనక్కి తీసుకుంటే ఎన్ని నెలలు జీతాలివ్వగలరు అన్నది.

ఉన్నది ఉన్నట్టు చెప్పే వీలుందా. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక శిక్షణ ముగిసేటప్పుడు గదిలో ఏం జరుగుతుందో చూడండి. హాజరు రిజిస్టరు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళుతుంది. సంతకాలు, వేలిముద్రలు. పోయిన నెల కుట్టుపని శిక్షణకు వచ్చినావిడే ఈ నెల పొదుపు గురించిన తరగతికి వస్తుంది, వచ్చే నెల పోషకాహారం సమావేశానికీ వస్తుంది. ఏడాది చివర రిపోర్టులో ఆవిడ ముగ్గురు లబ్ధిదారులవుతుంది. ఎవరూ ఒక్క దొంగ సంతకం పెట్టించలేదు. అయినా ఆ అంకె అబద్ధమే చెబుతోంది, అది తయారుచేసిన ఫీల్డ్ వర్కర్‌కి ఆ సంగతి తెలుసు.

వేరేలా లెక్కపెట్టడం కుదరనిదేమీ కాదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఇంట్లోనే ద్రావణం కలిపి పట్టడం తల్లులకు నేర్పింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. నేర్పిన కార్యకర్తలకు ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్కన జీతం కట్టలేదు. కొన్నాళ్ల తర్వాత వేరేవాళ్లు వెళ్లి కొంతమంది తల్లులను కలిసి, వాళ్లకు ఎంత గుర్తుందో చూసి, దాన్ని బట్టి కట్టారు. అలా కోటికి పైగా ఇళ్లకు వెళ్లారు. తల్లికి గుర్తు లేకపోతే ఆ విషయం దాచిపెట్టడానికి చోటే లేని పద్ధతి అది. మీరు చేరబోయే సంస్థ ఏం లెక్కపెడుతుందో అడిగితే, అక్కడ నిజానికి ఎంత చోటుందో చాలావరకు తెలిసిపోతుంది.

ఎవరి కోసం పనిచేస్తున్నారో వాళ్లకు ఎంత దగ్గరగా ఉంటారు. కొందరికి మనుషుల మధ్య ఉంటేనే పని చేసినట్టు ఉంటుంది. కొందరు డేటా దగ్గరో విధానాల దగ్గరో కూర్చుని బాగా రాణిస్తారు. మీరు ఏ కోవకు చెందుతారో తేల్చుకోవడానికి ఒక ఏడాది ఫీల్డ్ చాలు.

చేతికి ఏ విద్య అబ్బుతుంది. అకౌంట్లు, సర్వే రూపకల్పన, నర్సింగ్, న్యాయ సహాయం, సాఫ్ట్‌వేర్, స్థానిక భాషలో సభ నడపడం లాంటివి సంస్థ మారినా మీ వెంట వస్తాయి. "ప్రాజెక్ట్ కోఆర్డినేటర్" అన్న హోదా ఒక్కటే రాదు.

ఇల్లూ ఒళ్లూ తట్టుకుంటాయా. బర్నౌట్, అంటే పని వల్ల లోలోపలే కాలిపోయినట్టు అలసిపోవడం గురించి ఈ రంగానికి సొంతమైన చరిత్రే ఉంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఆ పరిస్థితికి ఆ పేరు వాడి పరిశోధన వ్యాసం రాసింది న్యూయార్క్‌లోని ఒక ఉచిత క్లినిక్‌లో సేవ చేసేవాళ్లను చూసే. తర్వాత మరో మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ఆవిడ చూపించిన లక్షణాలు మూడు: తీరని అలసట, ఎదుటి మనిషి మనిషిలా కాక ఒక కేసులా కనబడటం, ఏం చేసినా ఉపయోగం లేదనిపించడం. కారణాల విషయంలో మైఖేల్ లైటర్‌తో కలిసి ఆరు చోట్లు చూడమన్నారు: పనిభారం, పని మీద మన అదుపు, ప్రతిఫలం, తోటివాళ్లు, న్యాయం, విలువలు. సెలవు పెడితే తగ్గేది మొదటిదొక్కటే. మిగతా ఐదూ తిరిగొచ్చేసరికి అక్కడే ఉంటాయి. అలసటకు మందు విశ్రాంతేనని చెప్పే సంస్థలను నేను పూర్తిగా నమ్మలేకపోవడానికి కారణం ఇదే.

## ఒక్క చూపులో

| దారి | డబ్బు ఎక్కడిది | నిజం చెప్పే వీలు | ప్రజలకు దగ్గర | ఇంటికి ఆసరా |
|---|---|---|---|---|
| చిన్న స్థానిక సంస్థ | ఒకరిద్దరు దాతలు | వ్యవస్థాపకుడి మనస్తత్వాన్ని బట్టి | చాలా దగ్గర | బలహీనం |
| పెద్ద అంతర్జాతీయ సంస్థ, ఐరాస | ప్రభుత్వాలు, ఫౌండేషన్లు | పద్ధతులున్నాయి, వేగం లేదు | దూరం | జీతం బాగుంటుంది, కాంట్రాక్టు చిన్నది |
| ప్రభుత్వ వ్యవస్థ | పన్నులు | ఫైల్లో రాయొచ్చు, బయట చెప్పలేరు | పోస్టును బట్టి | గట్టిది |
| సామాజిక వ్యాపారం | కొనుగోలుదార్లు, పెట్టుబడిదార్లు | అమ్మకాల విషయంలో తప్పదు, మిగతాది అనుమానం | మధ్యస్థం | సంస్థ వయసును బట్టి |
| కంపెనీలో సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత విభాగం) | కంపెనీ లాభాలు | తక్కువ | దూరం | బాగుంటుంది |
| పరిశోధన, మూల్యాంకనం | గ్రాంట్లు, యూనివర్సిటీలు | ఎక్కువ | మొదట్లో దగ్గర, పోనుపోను దూరం | మధ్యస్థం |
| బయట ఉద్యోగం, ఇక్కడ సాయం | మీ జీతమే | పూర్తిగా | మీ ఇష్టం | గట్టిది |

పట్టికలో రాసింది మామూలుగా కనబడే తీరు. ఏ వరుసలోనైనా దానికి భిన్నంగా నడిచే సంస్థలు ఉంటాయి, అలాంటివి దొరికితే వదులుకోవద్దు.

## చిన్న స్థానిక సంస్థ

కొత్తగా వచ్చినవాళ్లు నేర్చుకోవడానికి దీన్ని మించిన చోటు లేదు. పెద్ద సంస్థలో ఐదేళ్లు పట్టే అనుభవం ఇక్కడ ఏడాదిలో వస్తుంది. పొద్దున గ్రామసభలో కూర్చుంటారు, మధ్యాహ్నం ఓచర్లు సరిచూస్తారు, సాయంత్రం గ్రాంట్ ప్రతిపాదన రాస్తారు. ఒక పని ఎందుకు కుదరలేదో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకుండానే మీకు తెలిసిపోతుంది.

కష్టం రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటిది డబ్బు. గ్రాంట్ సాధారణంగా ప్రాజెక్టు ఖర్చులకే ఇస్తారు. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం, సిబ్బంది బీమా, శిక్షణ అన్నీ "పైఖర్చుల" కింద పడతాయి, దాతకు అవి తక్కువగా కనబడాలి. అమెరికాలో 2009లో పరిశోధకులు ఈ విషవలయాన్ని బయటపెట్టారు. దాతలు తక్కువ పైఖర్చులు ఆశిస్తారు, సంస్థలు ఇంకా తగ్గించి చూపిస్తాయి, అది చూసి దాతలు మరింత తక్కువ ఆశిస్తారు. 2013లో అక్కడ ధార్మిక సంస్థల సమాచారం సేకరించి రేటింగులిచ్చే మూడు ప్రముఖ సంస్థలే దాతలకు బహిరంగ లేఖ రాశాయి, పైఖర్చుల శాతాన్ని బట్టి సంస్థను తూచకండి అని. ఆ తర్వాత షరతుల్లేని డబ్బు ఇచ్చే దాతలు కొంత పెరిగారు. ఫోర్డ్ ఫౌండేషన్ 2016లో వంద కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన కార్యక్రమం, మెకంజీ స్కాట్ 2020 నుంచి ఇస్తున్న విరాళాలు ఈ కోవలోవే. మీరు చేరబోయే చిన్న సంస్థకు అలాంటి డబ్బు కొంతైనా వస్తుంటే అది చాలా మంచి సూచన. జీతాలు ఆలస్యం కావు, ఒక ప్రాజెక్టు ముగిసిందని మనుషుల్ని పంపేయరు.

రెండోది వ్యవస్థాపకుడు. చిన్న సంస్థ అంటే తరచు ఒక మనిషి పట్టుదల. ఆయన లేదా ఆవిడ వినే మనిషైతే మీరు చెప్పిన చేదు సంగతి మర్నాడే పనిలో మార్పుగా కనిపిస్తుంది. వినకపోతే మీకు ఇంకెక్కడా చెప్పుకునే చోటు ఉండదు. బోర్డు ఉందా, అందులో కుటుంబ సభ్యులు కాక ఇంకెవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని అడగడానికి మొహమాటపడొద్దు. "ఇది మన కుటుంబం" అని చెప్పే చోట పని గంటలు, సెలవులు, ప్రసూతి సెలవు, పీఎఫ్ లాంటివి కాగితం మీద ఉన్నాయో లేదో ఇంకాస్త శ్రద్ధగా చూడాలి.

## పెద్ద అంతర్జాతీయ సంస్థలు, ఐక్యరాజ్య సమితి

ఇక్కడ బీమా ఉంటుంది, ఫిర్యాదు చేయడానికి ఒక పద్ధతి ఉంటుంది, జీతం ఒకటో తారీకుకు పడుతుంది. అంచనాలు, కొనుగోళ్లు, ఆడిట్, పెద్ద బృందాలతో పని ఇక్కడ నేర్చుకున్నంత పద్ధతిగా వేరేచోట నేర్చుకోలేరు. ప్రవేశానికి ద్వారాలూ స్పష్టంగా ఉన్నాయి. ఐరాస వాలంటీర్ల కార్యక్రమం 1970 నుంచి ఉంది. చిన్న వయసువాళ్లను ఐరాస ఉద్యోగాల్లోకి తీసుకునే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు 32 ఏళ్లు దాటకూడదు, ఆ ఏడాది పాల్గొంటున్న దేశాల జాబితాలో మీ దేశం ఉండాలి.

వదులుకునేవి చిన్నవేం కాదు. ఎన్నో పోస్టులు ఒకటి రెండేళ్ల కాంట్రాక్టులు, గడువు దగ్గరపడేకొద్దీ పని మీదకంటే తర్వాతి పోస్టు మీద ధ్యాస పెరుగుతుంది. స్థానిక సిబ్బందికీ అంతర్జాతీయ సిబ్బందికీ జీతాల్లో పెద్ద తేడా ఉంటుంది, ఒకే టేబుల్ దగ్గర ఒకే పని చేస్తూ దాన్ని రోజూ భరించాలి. మాస్లాక్ చెప్పిన ఆరింటిలో "న్యాయం" అన్నది ఇక్కడే దెబ్బతింటుంది. పైగా ప్రతి లక్ష్యమూ మూడేళ్ల ముందే ఒక పట్టికలో రాసేసి ఉంటుంది. ఊళ్లో పరిస్థితి మారినా పట్టిక మారాలంటే నాలుగు మెట్లు ఎక్కి అనుమతి తేవాలి.

ఓపికగా పద్ధతి ప్రకారం పోగలిగినవాళ్లకు, కాగితం పని చికాకు కలిగించనివాళ్లకు ఇది బాగా సరిపోతుంది. అయితే కెరీర్ మొదలుపెట్టడానికి ఇదే మంచి చోటని నేను చెప్పను. ముందు ఒకటి రెండేళ్లు ఎక్కడో ఫీల్డ్ చూసి వస్తే, ఇక్కడ మీరు రాసే ప్రతి పేజీ వెనక ఒక ఊరు కనబడుతుంది.

## ప్రభుత్వ వ్యవస్థ

సామాజిక మార్పు అనగానే ప్రభుత్వ ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోనివాళ్లు చాలామంది. అది తప్పని గట్టిగా చెబుతాను. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముమ్మరం చేసిన మశూచి నిర్మూలనలో ఇల్లిల్లూ తిరిగి కేసులు వెతికిందీ, చుట్టుపక్కలవాళ్లకు టీకాలు వేసిందీ చాలా దేశాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందే. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో బయటపడింది, 1980లో జబ్బు అంతమైందని ప్రకటించారు. ఆ విస్తృతి ఏ ఎన్జీవోకూ ఉండదు.

జీతం గట్టిది, పింఛనో బీమానో ఉంటుంది. దాత మనసు మారిందని ఉద్యోగం పోదు. నిజం చెప్పే విషయంలో మాత్రం వింత పరిస్థితి. పత్రికతో మాట్లాడలేరు, సభలో విమర్శించలేరు. కానీ ఫైల్లో రాసిన నోటు అక్కడే ఉండిపోతుంది. ఈ పథకం ఈ కారణంగా ఈ ఊళ్లకు చేరడం లేదని తేదీ వేసి రాసిన ఒక పేజీ, మీరు బదిలీ అయి వెళ్లిపోయిన మూడేళ్లకు ఇంకో అధికారి చేతిలో పనికొస్తుంది. ఆ నెమ్మదితనాన్ని తట్టుకోగలిగితే ఇదే అన్నిటికంటే ఎక్కువ కాలం నిలబడే దారి. పరీక్ష రాసి చేరే శాశ్వత పోస్టుల సంగతి ఇది. ప్రభుత్వ శాఖల్లోనే కన్సల్టెంటుగా చేరేవాళ్లకు భద్రత ఉండదు, అధికారమూ ఉండదు. అయితే వ్యవస్థ లోపల ఎలా నడుస్తుందో చూడటానికి రెండేళ్లు మంచి బడి.

## సామాజిక వ్యాపారం

ఈ దారిలో మంచీ చెడూ రెండూ పెద్ద ఎత్తున ఉన్నాయి, అందుకే కాస్త ఎక్కువ చెప్పాలి.

మంచికి ఉదాహరణ అరవింద్ కంటి ఆసుపత్రి. డాక్టర్ వెంకటస్వామి పదవీ విరమణ తర్వాత 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టారు. డబ్బు పెట్టగలిగినవాళ్లు చెల్లించిన ఫీజులతోనే కట్టలేనివాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేశారు. కంట్లో అమర్చే లెన్సులు దిగుమతి చేసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతోందని 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేయడం మొదలుపెట్టారు. ఇక్కడ రాబడి, సేవ ఒకదాన్నొకటి లాగవు. ఎక్కువ ఆపరేషన్లు చేసేకొద్దీ ఒక్కోదానికయ్యే ఖర్చు తగ్గుతుంది, అది ఇద్దరికీ మేలే.

రెండో వైపు సూక్ష్మరుణాలు, అంటే పేదలకిచ్చే చిన్న చిన్న అప్పులు. బంగ్లాదేశ్‌లో 1983లో బ్యాంకుగా రూపుదిద్దుకున్న గ్రామీణ్ బ్యాంకుకు, దాని వ్యవస్థాపకుడు ముహమ్మద్ యూనుస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాదే మెక్సికోలో ఒక సూక్ష్మరుణ సంస్థ షేర్లు మార్కెట్‌కెక్కాయి, పేదల వడ్డీతో ఇంత లాభమా అని ప్రపంచమంతా వాదన నడిచింది. 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వసూళ్ల ఒత్తిడి మీద, అప్పులు తీర్చలేక జరిగిన ఆత్మహత్యల మీద గగ్గోలు రేగాక ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. 2015లో ఆరు దేశాల్లో జరిగిన ఆరు అధ్యయనాలు ఒకేసారి వెలువడ్డాయి, వాటిలో ఒకటి హైదరాబాద్‌లో చేసింది. తేలింది ఏమిటంటే, ఈ అప్పుల వల్ల కొందరికి కొంత వెసులుబాటు దొరికింది కానీ పేదరికం నుంచి బయటపడేసేంత మార్పు సగటున రాలేదు.

ఆ సంస్థల్లో మొదట్లో చేరినవాళ్లలో ఎందరో మనస్ఫూర్తిగానే చేరారు. అప్పు ఇచ్చేటప్పుడూ వసూలు చేసేటప్పుడూ టార్గెట్ పెరుగుతూ పోయింది. కాబట్టి సామాజిక వ్యాపారంలో చేరేముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటే: లాభానికీ పేదవాడి మేలుకీ పొసగకపోతే, ఈ వ్యాపారం నడిచే తీరు ఎవరి వైపు మొగ్గుతుంది? దాన్ని సంస్థ ఆశయ ప్రకటనలో వెతక్కండి. పెట్టుబడిదార్లు ఎవరు, వాళ్లకు డబ్బు ఎన్నేళ్లలో తిరిగి కావాలి, ఫీల్డ్ సిబ్బంది ఇన్సెంటివ్ దేనికి కడతారు అన్నవాటిలో వెతకండి. మూడో ప్రశ్నకు జవాబు "అమ్మకాలకు మాత్రమే" అయితే నేనైతే చేరను.

## కంపెనీల్లో సీఎస్ఆర్, సస్టైనబిలిటీ

జీతం బాగుంటుంది, పని వేళలు బాగుంటాయి. కంపెనీ అసలు వ్యాపారం వల్ల జరిగే నష్టం గురించి మాట్లాడే అధికారం మీ విభాగానికి ఉంటే ఈ ఉద్యోగానికి గొప్ప విలువ ఉంది. ఒక్క కొనుగోలు విధానం మారితే వందల మంది సరఫరాదార్ల దగ్గర కూలీల బతుకు మారుతుంది. ఆ అధికారం లేక చెక్కులు పంచి ఫొటోలు తీసే విభాగమైతే, జీతం కోసం కొన్నాళ్లు చేయొచ్చు కానీ పదేళ్లు మిమ్మల్ని మీరు ఒప్పించుకోవడం కష్టం. ఈ విభాగం ఎవరికి రిపోర్ట్ చేస్తుందో చూస్తే చాలు. ఉత్పత్తి, కొనుగోళ్లు చూసే అధికారులకా, ప్రచార విభాగానికా?

## పరిశోధన, మూల్యాంకనం

నిజం చెప్పడమే ఉద్యోగమైన చోటు ఇది. 2003లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో మొదలై, పేదరికం తగ్గించే కార్యక్రమాలు నిజంగా పనిచేస్తాయో లేదో పరీక్షించే జే-పాల్ లాంటి కేంద్రాల వల్ల ఈ ఉద్యోగాలు బాగా పెరిగాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చాక ఇంకా గుర్తింపు వచ్చింది. సర్వే బృందాలను నడపడం, డేటా శుభ్రం చేయడం, ఫలితాలను మామూలు భాషలో రాయడం ఎక్కడికెళ్లినా పనికొచ్చే విద్యలు.

ఫలితం చేదుగా వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నదే ఇక్కడ పరీక్ష. ఎవిడెన్స్ యాక్షన్ అనే సంస్థ బంగ్లాదేశ్‌లో పనుల్లేని రోజుల్లో పేద కుటుంబాలు పట్నానికి వలస వెళ్లి సంపాదించుకునేందుకు చిన్న అప్పులిచ్చే కార్యక్రమం నడిపింది. చిన్న స్థాయిలో మంచి ఫలితాలొచ్చాయి. పెద్ద ఎత్తున చేసి 2017లో పరీక్షిస్తే ఆశించిన ప్రభావం కనబడలేదు. ఆ సంగతి బయటపెట్టి, 2019లో కార్యక్రమాన్నే ముగించింది. అలాంటి చోట పనిచేసేవాళ్లు సాయంత్రం ఇంటికెళ్లి అద్దంలో చూసుకోగలరు.

లోటు కూడా ఉంది. సర్వేలో మీకు తన కష్టం చెప్పుకున్న మనిషికి మీరు అప్పటికప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. కొందరు దీన్ని భరించలేరు. పైకి ఎదిగేకొద్దీ పీహెచ్‌డీ లేకుండా ముందుకు వెళ్లడమూ కష్టమే.

## బయట ఉద్యోగం, ఇక్కడ సాయం

ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగంలోనే ఉండి, సంపాదనలో ఒక వంతు ఇచ్చేయడం. 2009లో మొదలైన గివింగ్ వాట్ వీ కెన్ అనే సంస్థ సభ్యులు ఆదాయంలో కనీసం పది శాతం ఇస్తామని మాటిస్తారు. 2011లో వచ్చిన, సమాజానికి పనికొచ్చే కెరీర్ల మీద సలహాలిచ్చే 80,000 అవర్స్ సంస్థ మొదట్లో ఈ దారి గురించి ఎక్కువగా మాట్లాడేది, తర్వాత చాలామందికి నేరుగా పనిచేయడమే మేలని మొగ్గింది. ఈ ఆలోచనకు పెద్ద ఉదాహరణగా చూపించిన ఒక క్రిప్టో కుబేరుడి కంపెనీ ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబర్‌లో కూలిపోయి, మోసమని కోర్టులో తేలింది. ఎలా సంపాదించినా ఇస్తే చాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి అది.

అయినా ఈ దారిని తక్కువ చేసి చూడటం నాకు ఇష్టం లేదు. ఇంటి అప్పు తీర్చుతూ, నెలనెలా క్రమం తప్పకుండా షరతుల్లేని విరాళం పంపే మనిషి వల్లే ఎక్కడో ఒక చిన్న సంస్థలో అకౌంటెంట్ జీతం ఆగకుండా పడుతోంది. వారానికి ఒక సాయంత్రం మీ వృత్తి నైపుణ్యాన్ని ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది. ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకు చేసిపెడితేనే అది సాయమవుతుంది.

## మీ పరిస్థితిని బట్టి

చదువు ఇప్పుడే పూర్తయిందా? ఇంటి నుంచి ఒత్తిడి లేకపోతే రెండేళ్లు చిన్న సంస్థలోనో సర్వే బృందంలోనో గడపండి. ఆ తర్వాత ఏదో ఒక గట్టి విద్య పట్టుకోండి. పాతికేళ్ల వయసులో హోదా కంటే అదే విలువైనది.

పదేళ్లు కంపెనీల్లో పనిచేసి ఇటు రావాలనుకుంటున్నారా? రాజీనామాకు ముందు ఆరు నెలలు సాయంత్రాలు, సెలవు రోజులు ఇచ్చి చూడండి. మీ ఫైనాన్స్, హెచ్ఆర్, టెక్నాలజీ అనుభవం ఈ రంగానికి చాలా అవసరం. కానీ మొదటి ఏడాది సలహాలివ్వడం తగ్గించి వినండి. ఇక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకు వాళ్ల పద్ధతుల్లోని లోపాలు తెలుసు, అవి ఎందుకు మారలేదో కూడా తెలుసు.

తల్లిదండ్రులు, పిల్లలు మీ జీతం మీదే ఉన్నారా? ప్రభుత్వ ఉద్యోగం, పెద్ద సంస్థ, బయట ఉద్యోగం, ఈ మూడింటిలో ఒకటి చూసుకోండి. తక్కువ జీతాన్ని త్యాగంగా చూపించేవాళ్ల మాటలకు లొంగొద్దు. ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజున ఆ మాటలు అక్కరకు రావు, అప్పుడు మీరు ఈ రంగాన్నే వదిలేస్తారు.

మీరు పనిచేయాలనుకునే సమస్యను మీరే అనుభవించారా? వివక్ష, హింస, వెట్టి, వికలాంగత, నిర్వాసితత్వం, ఏదైనా కావచ్చు. మీకున్న అవగాహన ఎవరికీ చదువుతో రాదు, మంచి సంస్థలు దాన్ని గుర్తించి నిర్ణయాలు తీసుకునే చోట కూర్చోబెడతాయి. కొన్ని సంస్థలు మాత్రం దాతలొచ్చినప్పుడల్లా లేపి నిలబెట్టి మీ కథ చెప్పించుకుంటాయి. కథ చెప్పిన ప్రతిసారీ పాత గాయం రేగుతుంది, పదవి మాత్రం "కమ్యూనిటీ మొబిలైజర్" దగ్గరే ఆగిపోతుంది. చేరేముందే స్పష్టంగా చెప్పండి: నా కథ ఎప్పుడు, ఎవరికి చెప్పాలో నేనే నిర్ణయించుకుంటాను. ఆ మాటకు వాళ్లు నొచ్చుకుంటే ఆ చోటు మీది కాదు. మీలాంటి నేపథ్యం నుంచి వచ్చి పై స్థాయి జీతం తీసుకుంటున్నవాళ్లు ఆ సంస్థలో ఉన్నారో లేదో కూడా చూడండి.

ఇప్పటికే అలసిపోయారా? రంగం మారే ముందు, మాస్లాక్ చెప్పిన ఆరు కారణాల్లో మీది ఏదో రాసుకోండి. పనిభారమైతే సెలవో మనుషుల సాయమో అడగండి. విలువల దగ్గర తేడా అయితే సెలవు పనిచేయదు, సంస్థ మారాలి. ఎదుటి మనిషి కేసులా కనబడటం మొదలైతే కొన్నాళ్లు ఫీల్డ్ నుంచి డేటా వైపో శిక్షణ వైపో మారండి, అది ఓటమేం కాదు.

## ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు

ఇంటర్వ్యూలో చివర "మీరేమైనా అడగాలా?" అన్నప్పుడు ఈ మాట అడగండి: "గడిచిన రెండేళ్లలో పనిచేయడం లేదని మీరు ఆపేసిన కార్యక్రమం ఏదైనా ఉందా? ఆ సంగతి దాతకు ఎలా చెప్పారు?" కెనడాలోని ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ 2008 నుంచి తన వైఫల్యాల మీదే వార్షిక నివేదిక వేయడం మొదలుపెట్టింది. అంత బహిరంగంగా కాకపోయినా, నిజాయితీగా నడిచే ప్రతి సంస్థలో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంటుంది. "మా కార్యక్రమాలన్నీ విజయవంతమే" అన్న జవాబు వస్తే, రేపు మీరు రాయాల్సిన రిపోర్టు ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసినట్టు.

ఈ పోస్టులో మీకంటే ముందు ఎవరు పనిచేశారు, ఎందుకు వెళ్లారు అని కూడా అడగండి. వీలైతే ఆ మనిషితో పావుగంట ఫోన్‌లో మాట్లాడండి. జీతం సమయానికి పడేదా, సెలవు అడిగితే ఏమనేవారు, ఫీల్డ్‌లో చూసింది రాస్తే ఎవరైనా దిద్దేవారా. మొదటి రెండింటికి జవాబు కాస్త అటూఇటూగా ఉన్నా బేరమాడుకుని చేరొచ్చు. మూడోదానికి "దిద్దేవారు" అన్న జవాబొస్తే, ఆఫర్ ఎంత బాగున్నా ఇంకో సంస్థ వెతుక్కోమనే చెబుతాను.